సంవత్సరపు కడపటి రాత్రి: మెలకువ ఆరాధనను గూర్చిన పాఠము

డిసెంబరు 31వ తేది రాత్రి యగుసరికి పట్టణములయందేమి, పల్లెలయందేమి గొప్ప సందడి పుట్టును. మిఠాయి దుకాణములముందు కేకుల పెట్టెలు గోపురములవలె పేర్చబడియుండును. వాకిళ్లలో రంగుల ముగ్గులనడుమ క్రొత్త సంవత్సరపు అంకెలు వ్రాయబడును. పండ్రెండు గంటలు కొట్టగానే బాణసంచా ప్రేలును, మోటారు బండ్ల కూతలు మిన్నుముట్టును, చేతి ఫోనులలో శుభాకాంక్షలు తేనెటీగలవలె ముసురును. ఈ పండుగకు గ్రంథము లేదు, పూజారి లేడు, కులమత భేదము లేదు. అందుచేతనే అది అందరి పండుగయైనది. అందుచేతనే దానికి కట్టుబాటు చెప్పువాడును లేకపోయెను. ఆ రాత్రి ఎందరి యింటి కూలి డబ్బులు సారాయి దుకాణమునకు పోవుచున్నవో, ఎందరు తల్లులు వాకిట నిలిచి తెల్లవారుదనుక కుమారులకొరకు ఎదురుచూచుచున్నారో మన చదువరులకు మేము చెప్పనక్కరలేదు.

ఈ రాత్రిని గూర్చి విద్యార్థులు మమ్మును తరచుగా ఒక ప్రశ్న అడుగుచుందురు. “స్నేహితులతో కూడి ఆ రాత్రి సంతోషించుట తప్పా? గుడికి పోయి కూర్చుండుటయే ఒప్పా?” ఇందుకు ‘తప్పు’ అని ఒక్క మాట చెప్పి ఊరకుండుట సులభము. కాని వద్దనుటవలన మాత్రమే ఏ వాడుకయు పోలేదు. ఖాళీ చేసిన ఇంటిలో ఎవరిని ప్రవేశపెట్టుదుమన్నదే ప్రశ్న. సంఘ చరిత్రలో దైవభక్తులు ఈ రాత్రివిషయమై ‘వద్దు’ అనుటతో ఆగక, ‘ఇటు రండు’ అని మేలైన మార్గమును చూపిరి. ఆ మార్గము ఎట్లు పుట్టెను, ఎందరికి ఆదరణయయ్యెను, నేడు మనము దానిని ఎట్లు కాపాడుకొనవలెను అను సంగతులను ఈ పాఠమున వివరింపదలచితిమి.

1. పేరును దాని యర్థమును

మన సంఘములలో ఈ ఆరాధనను ‘వాచ్ నైట్’ అని పిలుచుట వాడుక. ఇచ్చట ‘వాచ్’ అనగా చేతి గడియారము కాదు. మెలకువగానుండి కావలికాయుట యని యర్థము. చేను పండినపుడు రైతు మంచెమీద రాత్రి గడుపును. నిద్ర రాక కాదు, పోగొట్టుకొనగూడనిది ఒకటి తన కావలిలో నున్నది గనుక. అదే భావము ఈ ఆరాధనకును మూలము. కావున దీనిని మేము ‘మెలకువ ఆరాధన’ యని చెప్పుచున్నాము.

ఈ భావము సత్యవేదమునందు తొలినుండియు కలదు. ఇశ్రాయేలీయులు ఐగుప్తునుండి బయలువెడలిన రాత్రిని తరతరములవారు జ్ఞాపకముగా ఆచరింపవలెనని నిర్గమకాండము 12వ అధ్యాయము తెలుపుచున్నది. ప్రభువు శిష్యులను ఏర్పరచుకొనుటకు ముందు రాత్రియంతయు కొండమీద ప్రార్థనలో గడిపెనని లూకా 6వ అధ్యాయమున చదువుచున్నాము. త్రోయలో పౌలు అర్ధరాత్రివరకు ప్రసంగించుచుండగా ఐతుకు అను చిన్నవాడు కిటికీలో కునికి మూడవ అంతస్తునుండి పడిన కథ అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయమున నున్నది. రాత్రి ఆరాధనలో కునుకు పట్టుట నేటి బాలురకే వచ్చిన తెగులు కాదని దానివలన తెలియును.

అయితే డిసెంబరు 31వ తేదిని ఆచరింపుడని సత్యవేదమున ఎచ్చటను ఆజ్ఞ లేదు. ఒకడు ఒక దినమును గొప్పదిగా ఎంచుననియు, మరియొకడు అన్ని దినములను సమానముగా ఎంచుననియు, ఎవని మనస్సులో వాడు నిశ్చయత గలిగియుండవలెననియు పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 14వ అధ్యాయమున బోధించెను. కాబట్టి ఈ ఆరాధనకు రానివారిని భక్తిహీనులని తీర్పుతీర్చుటకు మనకు అధికారము లేదు. ఇది ధర్మశాస్త్రము కాదు. ఇష్టపూర్వకముగా ఎన్నుకొన్న మంచి వాడుక.

2. జనవరి 1వ తేది కథ

జనవరి 1వ తేది ఆకాశమునుండి దిగివచ్చినది కాదు. క్రీస్తుకు పూర్వము 153వ సంవత్సరమునుండి రోమా కాన్సలులు ఆ దినమున అధికారము వహింప నారంభించిరి. క్రీ.పూ. 45లో జూలియసు కైసరు పంచాంగమును సంస్కరించినపుడును ఆ దినమే సంవత్సరాదిగా నిలిచెను. ద్వారములకును ఆరంభములకును దేవతయని రోమనులు నమ్మిన జానసు పేరే ఈ నెలకు వచ్చినది. ఆ దినములలో వారు ఒకరికొకరు కానుకలిచ్చుకొనుచు, విందులు చేయుచు, త్రాగుచు, వేషములు వేయుచు గడుపుచుండిరి.

క్రీస్తు శకము నాలుగవ శతాబ్దపు చివర అంతియొకయలో క్రిసొస్తొము అను ప్రసిద్ధ బోధకుడు ఈ వాడుకలను ఖండించుచు ప్రసంగించెను. ఆఫ్రికాఖండపు ఉత్తరతీరమున హిప్పో పట్టణమునకు బిషప్పుగానుండిన అగస్టీను (354–430) కూడ ఇదే విషయమై బోధించెను. ఆయన చెప్పిన తాత్పర్యము గమనింపదగినది. ఇతరులు కానుకలు ఇచ్చుకొనుచుండగా మీరు బీదలకు ఇయ్యుడనియు, వారు నాటకశాలకు పోవుచుండగా మీరు దేవాలయమునకు రండనియు, వారు త్రాగి మత్తిల్లుచుండగా మీరు ఉపవాసముండుడనియు ఆయన ఉద్దేశము. ఆయన ప్రతి నిషేధమునకును ఎదురుగా ఒక సత్క్రియను నిలిపెను. చేతులు కట్టుకొని కూర్చుండుమని ఎవరికిని చెప్పలేదు.

567వ సంవత్సరమున, నేడు ఫ్రాన్సు అనబడు దేశములోని తూరు పట్టణమున బిషప్పుల సభ కూడెను. జనవరి మొదటి దినమున అన్యాచారమును అణచుటకై ప్రార్థనలు జరుపవలెననియు, దేవాలయములలో కీర్తనలు పాడవలెననియు పితరులు ఏర్పరచిన నియమమును ఆ సభ స్థిరపరచెను. కావున లోకపు పండుగకు ప్రతిగా భక్తితో కూడిన ఆచరణను ఎన్నుకొనుట నిన్న మొన్నటి ఆలోచన కాదు. పదునాలుగు వందల ఏండ్లకు మించిన వాడుక.

మరియొక సంగతి కలదు. ఇంగ్లండు దేశమున 1751వరకు చట్టప్రకారము సంవత్సరాది మార్చి 25వ తేది. జనవరి 1వ తేది అచ్చట చట్టరీత్యా సంవత్సరాదియైనది 1752లోనే. మన తెలుగువారికి చైత్రమాసపు ఉగాది అనాదిగా ఉన్నది. దీనినిబట్టి చూడగా తేదులు మానవుల ఏర్పాట్లే. కాలము మాత్రము దేవునిది. తేదిలో పవిత్రత లేదు. ఆ తేదిన మనము చేయు పనిలోనే మంచిచెడ్డలున్నవి.

3. బొగ్గు గనుల కూలీలు

మన యెరుకలోనున్న మెలకువ ఆరాధనకు తొలి రూపము రెండు చోట్ల కనబడును. మొదటిది జర్మనీ దేశపు సాక్సనీలోని హెర్న్‌హూటు గ్రామము. స్వదేశమున హింసపడి పారిపోయివచ్చిన మొరేవియా క్రైస్తవులకు జిన్జెండార్ఫు ప్రభువు 1722లో తన భూములయందు ఆశ్రయమిచ్చెను. ఆ గ్రామస్థులు 1733 నాటికే సంవత్సరపు కడపటి రాత్రిని ప్రార్థనతో గడుపు వాడుక నారంభించిరి.

రెండవది ఇంగ్లండులో బ్రిస్టలు పట్టణమునకు సమీపమందలి కింగ్సువుడ్డు. అచ్చట బొగ్గు గనులలో పాటుపడు కూలీలు నివసించుచుండిరి. వారు మొరటువారని పేరుపడిరి. దొరలును, పాదిరీలును వారి జోలికి పోవువారు కారు. 1739 ఫిబ్రవరిలో జార్జి వైట్‌ఫీల్డు వారిమధ్య నిలిచి బయలు ప్రదేశమున ప్రసంగించెను. కొన్ని వారములకు జాన్ వెస్లీయు అట్లే చేసెను. వారి బిడ్డలకొరకు అదే యేట ఒక పాఠశాల యారంభమయ్యెను.

వారము కూలి చేతికి వచ్చిన శనివారపు రాత్రి సారాయి యంగడిలో గడుపుట ఆ కూలీల పూర్వపు వాడుక. మనస్సు మారిన పిమ్మట వారికి ఆ రాత్రి ఖాళీయయ్యెను. దానిని ఏమి చేయవలెను? ఇంటిలో కూర్చున్నచో పాత స్నేహితులు పిలుతురు. పాత దాహము పీడించును. వారు తమ పిల్లల పాఠశాలలో కూడుకొని, రాత్రి చాలభాగము ప్రార్థించుచు, పాటలు పాడుచు గడుపసాగిరి. సారాయి యంగడిలో దొరకిన సహవాసమును పాటయు వారికి ఇచ్చటను దొరకెను. తెల్లవారినపుడు తలనొప్పియు, ఖాళీ జేబును, ఏడ్చు భార్యయు మాత్రము లేకపోయిరి.

ఈ సంగతి విని కొందరు పెద్దలు దీనిని మాన్పింపుమని వెస్లీకి ఆలోచన చెప్పిరి. చదువులేని కూలీలు అర్ధరాత్రి కూడుట వారికి సరిపడలేదు కాబోలు. వెస్లీ చక్కగా విమర్శించి, ఆదిక్రైస్తవులు ఇట్లే రాత్రులు మేల్కొనుచుండిరని తలచి, మాన్పుటకు కారణము లేదని నిశ్చయించెను. అంతటితో ఊరకుండక, తానును వారితోకూడ మేల్కొందునని వర్తమానమంపెను. 1742 ఏప్రిలులో లండనునందును ఈ ఆరాధన జరిగెను. పున్నమికి దగ్గరగానున్న శుక్రవారమును దీనికొరకు ఎన్నుకొనుచుండిరి. వీధిదీపములు లేని ఆ దినములలో దూరపు జనులకు వెన్నెలయే ఇంటికి దారిచూపు దీపము. రాత్రి ఎనిమిదిన్నర గంటలకు ఆరంభించి, అర్ధరాత్రి దాటిన కొంతసేపటికి ముగించుచుండిరి. కాలక్రమమున ఈ ఆరాధన సంవత్సరపు కడపటి రాత్రికి స్థిరపడెను.

విద్యార్థులు ఇందు ముఖ్యముగా గుర్తింపవలసినది ఒకటి కలదు. ఈ వాడుకను ఏర్పరచినది బిషప్పుల సభయు కాదు, పండితులును కారు. చేతులకు బొగ్గు మసి యంటిన కూలీలు, ఒక పాఠశాల గదిలో, తమ శోధన తమకు తెలిసినవారై, దానికి తగిన మందును తామే కనుగొనిరి.

4. నిబంధన ఆరాధన

మెలకువ ఆరాధనకు తోబుట్టువువంటిది నిబంధన ఆరాధన. రిచర్డు అల్లీను అను ప్యూరిటను బోధకుడు 1663లో ప్రకటించిన గ్రంథమును ఆధారము చేసికొని, వెస్లీ 1755 ఆగస్టు 11వ తేదిన లండనులోని స్పిటల్‌ఫీల్డ్సునందు దీనిని జరిపెను. దేవునితో చేసిన నిబంధనను క్రొత్తచేసికొందుమని సమ్మతి తెలుపుచు సుమారు 1800 మంది లేచి నిలువబడిరి. పిమ్మట ఇది సంవత్సరారంభమున జరుపు వాడుకయయ్యెను.

1947 సెప్టెంబరు 27వ తేదిన మద్రాసునందు దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినపుడు ఆంగ్లికనులతోను ఇతరులతోను మెథడిస్టులును అందు చేరిరి. మెదకు మొదలగు తెలుగు ప్రాంతముల వెస్లియను సంఘములును అందులోనివే. ఆ ఏకసంఘపు ఆరాధన గ్రంథములో నిబంధన ఆరాధనకును చోటు దొరకినది.

సంవత్సరాది తీర్మానములకును ఈ నిబంధనకును భేదమేమి? తీర్మానమున మనిషి తనకు తానే మాట ఇచ్చుకొనును: తెల్లవారుజామున లేచెదను, పొగ త్రాగుట మానెదను అని. సంక్రాంతి వచ్చుసరికి ఆ మాట నీళ్లపాలగును. నిబంధనలో మనిషి తన బలమును నమ్ముకొనక, తన్ను తాను దేవుని చేతికి అప్పగించుకొనును. అదియు ఒంటరిగా కాదు, సంఘమంతటి యెదుట. తప్పిపోయినవానిని లేవనెత్తుటకు ప్రక్కనున్నవాడు సాక్షిగానుండును.

5. విడుదలకై కనిపెట్టిన రాత్రి

ఇంగ్లండులో పుట్టిన ఈ వాడుక మెథడిస్టు బోధకులతో అమెరికా ఖండమునకును చేరెను. అచ్చట దాని చరిత్రలో అందరును ఎరుగవలసిన రాత్రి ఒకటి కలదు. ఆ దేశపు దక్షిణరాష్ట్రములలో నీగ్రో జాతివారు బానిసలుగానుండిరి. వారికి జనవరి 1వ తేది పండుగ దినము కాదు. ఆ దినమున యజమానులు లెక్కలు చూచుకొని, బానిసలను సంవత్సరమునకు కూలికిచ్చుటయు, అప్పులు తీర్చుటకు అమ్ముటయు వాడుక. తల్లిని ఒక చోటికిని బిడ్డను ఒక చోటికిని పంపివేయు దినమది. కావున డిసెంబరు 31 రాత్రి వారికి కన్నీటి రాత్రి.

1862 సెప్టెంబరు 22వ తేదిన అధ్యక్షుడైన అబ్రహాము లింకను, తిరుగుబాటు చేసిన రాష్ట్రములలోని బానిసలు 1863 జనవరి 1వ తేదినుండి స్వతంత్రులని ప్రకటించుదునని తెలియజేసెను. నిజముగా ఆయన ఆ పత్రముమీద చేవ్రాలు చేయునా? వెనుకంజ వేయునా? 1862 డిసెంబరు 31 రాత్రి అనేక స్థలములలో వారు దేవాలయములయందు కూడి, ప్రార్థించుచు కనిపెట్టిరి. మరునాటి అపరాహ్ణమున లింకను చేవ్రాలు చేసెను. బోస్టను పట్టణమున ఫ్రెడరిక్కు డగ్లసు మొదలగువారు పగలంతయు కాచుకొనియుండగా రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మట తంతివార్త వచ్చెను. ఆ ప్రకటన అందరిని ఒక్క దినమున విడిపింపలేదు. 1865 డిసెంబరులో రాజ్యాంగపు 13వ సవరణ స్థిరపడినపుడే దేశమంతట బానిసత్వము చట్టవిరుద్ధమైనది. అయినను ఆ జాతివారి సంఘములలో ఆ రాత్రి నేటికిని కృతజ్ఞతతో ఆచరింపబడుచున్నది. అమ్ముడుపోవు దినపు ముందటి రాత్రి విడుదల రాత్రిగా మారెను.

6. ఒంగోలు కొండమీద తెల్లవారుజాము

ఇంత దూరదేశముల సంగతులు చెప్పితిమి. మన తెలుగు దేశమున క్రొత్త సంవత్సరము ప్రార్థనతో ఆరంభమైన సంగతి ఒకటి చెప్పక విడువరాదు. ఇది అర్ధరాత్రి ఆరాధన కాదు. అదే దినపు తెల్లవారుజామున జరిగిన ప్రార్థన.

అమెరికా బాప్తిస్టుల తెలుగు మిషను 1836లో ఆరంభమై, 1840లో నెల్లూరు చేరెను. ఏండ్లు గడచినను ఫలము స్వల్పము. ఇంత వ్యయము దేనికి, దీనిని మూసివేయుదమా యని 1853లో అమెరికాలోని పెద్దలు ఆలోచింపసాగిరి. పటమునందు ఒక్క చుక్కగా కనబడు ఈ మిషనుకు ‘ఒంటి నక్షత్రము’ అను పేరు అప్పుడే వచ్చెను.

1854 జనవరి 1వ తేది తెల్లవారుజామున ఒంగోలు పట్టణమునకు ఎగువనున్న కొండమీదికి ఐదుగురు ఎక్కిరి. వారు లైమను జ్యూవెట్టు దొరగారు, ఆయన భార్య, నర్సు అను తెలుగు ఉపదేశకుడు, జూలియా, రూతు అను నెల్లూరి స్త్రీలిద్దరు. క్రింద పట్టణము నిద్రించుచుండెను. వారు మోకాళ్లూని, ఒంగోలునకు ఒక దైవసేవకుని పంపుమని వేడుకొనిరి. కొండ దిగినపుడు వారి చేతిలో ఏమియు లేదు. ఆ ప్రార్థనకు జవాబు వచ్చెనని వారు చెప్పగలుగుటకు పండ్రెండు సంవత్సరములు పట్టెను. 1866లో జాన్ ఎవరెట్టు క్లౌ దొరగారు ఒంగోలునకు వచ్చి నివసించిరి.

1876 మొదలు 1878వరకు గొప్ప కరవు వచ్చినపుడు ఆయన బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పనిని గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. అన్నము కొరకు మతములో చేరిరను మాట రాకుండునట్లు కరవుకాలమున బాప్తిస్మములు నిలిపివేసెను. 1878 జులై 3వ తేదిన గుండ్లకమ్మ యేటియొద్ద వెల్లంపల్లిలో 2222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ కొండకు నేటికిని ప్రార్థన కొండ యనియే పేరు.

ఐదుగురిలో ముగ్గురు తెలుగువారనియు, వారిలో ఇద్దరు స్త్రీలనియు మన బాలికలు జ్ఞాపకముంచుకొందురు గాక. కేకును లేదు, బాణసంచాయు లేదు. అయినను తెలుగు దేశమున అంతకంటె ఫలవంతముగా ఆరంభమైన క్రొత్త సంవత్సరమును మేమెరుగము.

7. ఆ రాత్రిని ఎట్లు గడుపవలెను?

పైని చెప్పిన సంగతులను పరిశీలించినచో మంచి మెలకువ ఆరాధనలో నాలుగు పనులు జరుగవలెనని తేలుచున్నది.

మొదటిది లెక్క చూచుకొనుట. వర్తకుడు ఏడాదికొకమారు దుకాణపు చిట్టా తిరుగవేయునట్లు, మనము గడచిన దినములను తిరిగి చూడవలెను. మానవుని ఆయుష్కాలమును గూర్చి చెప్పు 90వ కీర్తన దీనికి తగిన పాఠము. ఎవరికి మాట ఇచ్చి తప్పితిమి? ఎవరి పుస్తకము తీసికొని తిరిగి ఇయ్యలేదు? ఎవరితో మాటలు మానితిమి? ఇట్టి చిన్న లెక్కలే నిజమైన లెక్కలు.

రెండవది కృతజ్ఞత. పంట, జీతము, పరీక్షలో జయము మాత్రమే కాక, మన మధ్యనుండి ఆ యేడు ప్రభువునందు నిద్రించినవారి పేరులును చదివి వారి జీవితములకై దేవుని స్తుతించుట మంచిది. విధవరాలైన తల్లి తన భర్త పేరు సంఘమంతటి నోట విన్నపుడు ఆమెకు కలుగు ఆదరణ ఇంత అంత కాదు.

మూడవది ఇతరులకై విజ్ఞాపనము. ఆ రాత్రి మేల్కొనువారు మనము మాత్రమే కాము. ఆసుపత్రులలో నర్సులు, రైలు నడుపువారు, పారా కాయు పోలీసులు, సరిహద్దున సైనికులు, రోగి మంచమువద్ద తల్లులు మేల్కొనియుందురు. వారిని తలంచుకొనని మెలకువ అరమెలకువయే.

నాలుగవది నిబంధన. పండ్రెండు గంటలు కొట్టు వేళ మోకాళ్లూని కొన్ని నిమిషములు మౌనముగానుండుట అనేక మెథడిస్టు సంఘముల వాడుక. వెలుపల ప్రేలుడుధ్వని, లోపల నిశ్శబ్దము. ఆ కొన్ని నిమిషములు నేర్పు పాఠము ప్రసంగమువలనను రాదు.

ఇవి ముగిసిన పిమ్మట సంతోషమునకును చోటుండవలెను. నెహెమ్యా 8వ అధ్యాయమున పరిశుద్ధ దినమున ఏడ్వవలదనియు, మధురమైనవాటిని భుజించి, లేనివారికి వంతులు పంపుడనియు జనులకు చెప్పబడెను. కావున ఆరాధన తరువాత టీయు రొట్టెయు పంచుకొనుట, పెద్దలకు నమస్కరించుట, చిన్నవారు పాటలు పాడుట లోకాచారమని త్రోసివేయనక్కరలేదు. వీధి చివర పారా కాయువానికి ఒక పొట్లము అందజేసినచో నెహెమ్యా చెప్పిన వంతు సరిపడును.

8. మన జాగ్రత్తలు

మంచి వాడుకయు చెడిపోవచ్చును. కావున కొన్ని హెచ్చరికలు చేయుచున్నాము.

ఆరాధనను వెలుపలి సందడికి పోటీగా చేయరాదు. ధ్వనివర్ధకములు పెట్టి పేటంతయు మారుమ్రోగునట్లు పాడుట చేత పసిబిడ్డలును రోగులును బాధపడుదురు. సందడికి సందడి జవాబు కాదు. కింగ్సువుడ్డు కూలీలు సారాయి యంగడికంటె బిగ్గరగా కేకలు వేసి జయింపలేదు.

తరువాత ‘వాగ్దాన వచనము’ను గూర్చి. ఆ రాత్రి ప్రతివాడును ఒక చీటీ తీసి, అందలి వచనమును ఆ సంవత్సరమునకు తన వాగ్దానముగా ఎంచుట మన సంఘములలో వ్యాపించినది. వచనమును జ్ఞాపకముంచుకొనుట మంచిదే. కాని ధనధాన్యముల మాట వచ్చినచో పొంగిపోవుటయు, గద్దింపు మాట వచ్చినచో చీటీ మార్చుకొనుటయు చూచుచున్నాము. అది సత్యవేదమును జాతకచక్రముగా మార్చుటయే. హెర్న్‌హూటు గ్రామమున 1728నుండి దినమునకొక వచనము ఏర్పరచి ఇంటింటికి తెలుపుచుండిరి. 1731నుండి అది పుస్తకరూపమున ఏటేట అచ్చగుచున్నది. వారును వచనములను చీట్లు వేసియే ఎన్నుకొనుచుండిరి. అయితే ఆ వచనము గ్రామమంతటికి ఒక్కటే. అది నా యదృష్టమేమి యని చూచుకొనుటకు కాదు, సైనికుల సంకేతపదమువలె అందరును కలిసి ఆ దినమున దానిప్రకారము నడచుటకు. మీ చేతికి ఏ వచనము వచ్చినను దాని అధ్యాయమంతయు చదువుడు. అందు ఆజ్ఞ ఉన్నచో ఆజ్ఞను కూడ మీదిగా తీసికొనుడు.

మరియొకటి. ఇతరులను చిన్నచూపు చూడకుడు. మన తరగతులలో నానామతముల బాలబాలికలు కలిసి చదువుచున్నారు. మన పొరుగువారు ఉగాది దినమున వేపపువ్వు చేదును బెల్లపు తీపిని కలిపి పచ్చడి చేసికొని, రాబోవు కష్టసుఖములను ఒకటిగా స్వీకరింతురు. ఆ వివేకమును మెచ్చుకొనుటలో మనకు నష్టము లేదు. మెలకువ ఆరాధనయందును పశ్చాత్తాపపు చేదును స్తుతి తీపియు కలిసియే యుండవలెను. మన యెన్నిక ఇతరులపై తీర్పు కాకుండునుగాక.

తలిదండ్రులకు ఒక మనవి. బిడ్డలను ఆరాధనకు పంపి మీరు ఇంట నిద్రింపకుడు. వెస్లీ ఉత్తరువు మాత్రమే పంపక తానును మేల్కొనెనని చూచితిరి కదా. ప్రొద్దుపోయిన వేళ పిల్లలను ఒంటరిగా నడిపింపక, ఒక పేటవారందరు గుంపుగా ఇండ్లకు చేరుడు. ఆనాటివారు పున్నమి వెన్నెలను చూచుకొని దినము నిర్ణయించిన దూరదృష్టి మనకును కావలెను.

9. అభ్యాసమునకు ప్రశ్నలు

జనవరి 1వ తేదిని గూర్చి అగస్టీను చేసిన బోధకును కింగ్సువుడ్డు కూలీలు చేసిన పనికిని గల పోలిక ఏమి?

తీర్మానమునకును నిబంధనకును గల భేదమును మీ సొంత ఉదాహరణముతో వివరింపుడు.

1862 డిసెంబరు 31 రాత్రి దేవాలయములలో కూడినవారు దేనికై కనిపెట్టిరి? ఆ దినము వారికి పూర్వము ఎట్టిది?

రోమీయులకు వ్రాసిన పత్రిక 14వ అధ్యాయము చదివి, ఈ ఆరాధనకు రాని స్నేహితునితో మీరు ఎట్లు మాటలాడవలెనో వ్రాయుడు.

విద్యార్థులారా, రాబోవు డిసెంబరు 31వ తేది సాయంకాలమున మీ స్నేహితులు మిమ్మును పిలుతురు. ‘మాకు వేరు పని కలదు’ అని తలవంచుకొని తప్పించుకొనకుడు. ‘మేము పోవుచోటికి మీరును రండు, పాటయున్నది, స్నేహమున్నది, తినుబండారమును ఉన్నది, తెల్లవారిన పిమ్మట సిగ్గుపడవలసినది మాత్రము లేదు’ అని ముఖమెత్తి చెప్పుడు. వచ్చిరా, మంచిది. రాకపోయిరా, వారి పేరులను అర్ధరాత్రి మౌనప్రార్థనలో జ్ఞాపకము చేసికొనుడు. ఒంగోలు కొండ ఎక్కినవారు ఐదుగురే. సంఖ్య కొంచెమని ఆ రాత్రి మీరు అధైర్యపడనక్కరలేదు.